ప్రీమియం ఎవరు వసూలు చేస్తారన్నది సరే, ఆసుపత్రి రేటు ఎవరు నిర్ణయిస్తున్నారు?

మీ ప్రశ్న సారాంశం ఇదీ: అమెరికాలో ఉద్యోగం చేస్తున్నారు. కంపెనీ ఆరోగ్య బీమా కోసం మీ జీతంలోంచి కోసే మొత్తం ఏటా పెరుగుతోంది, దానితోపాటే డిడక్టిబుల్ (బీమా డబ్బు ఇవ్వడం మొదలుపెట్టే ముందు ఏటా మీరే కట్టుకోవాల్సిన మొత్తం) కూడా. ప్రభుత్వమే వైద్యాన్ని నడిపితే ఖర్చు సగానికి సగం తగ్గుతుందని ఒక స్నేహితుడు అంటున్నారు. అలా చేస్తే బ్రిటన్‌లో మాదిరిగా ఆపరేషన్ కోసం నెలల తరబడి ఎదురుచూడాలని ఇంకొకరు అంటున్నారు. ఎవరు చెప్పేది నిజం? ఉద్యోగం పోతే కుటుంబం పరిస్థితి ఏమిటి?

నేను మొదట ఒక ఆసుపత్రి బిల్లింగ్ విభాగంలోనూ, తర్వాత ఒక బీమా కంపెనీలో ఆసుపత్రులతో రేట్ల ఒప్పందాలు కుదిర్చే విభాగంలోనూ చాలా కాలం పనిచేశాను. డబ్బు అడిగేవారి పక్కనా, ఇచ్చేవారి పక్కనా కూర్చుని చూసినవాణ్ణి కాబట్టి నా అభిప్రాయం ముందే చెబుతాను. మీ స్నేహితులిద్దరూ వాదించుకుంటున్నది ప్రీమియం ఎవరు వసూలు చేయాలన్న దాని మీద. మీ జీతాన్ని తినేస్తున్నది మాత్రం ఆసుపత్రి రేటు. ఆ రేటును ఎవరు నిర్ణయిస్తున్నారు, అది ఎక్కువైనప్పుడు కుదరదని చెప్పగలిగే బలం ఎవరికి ఉంది అన్న ప్రశ్నకు జవాబు దొరకనంత వరకు, బీమా ప్రభుత్వం చేతిలో ఉన్నా ప్రైవేటు చేతిలో ఉన్నా ఖర్చు తగ్గదు.

ముందు ఒక గందరగోళం తీర్చుకోవాలి. 'ప్రభుత్వ వైద్యం' అన్న మాటలో మూడు వేర్వేరు విషయాలు కలిసిపోయి ఉన్నాయి: డబ్బు ఎవరు సమకూరుస్తారు, ఆసుపత్రి ఎవరి సొత్తు, రేటు ఎవరు వేస్తారు. బ్రిటన్‌లో 1948 జూలై 5న మొదలైన జాతీయ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్‌ఎస్‌లో మూడూ దాదాపు ప్రభుత్వానివే. కెనడాలో డబ్బు ప్రభుత్వానిది, కానీ డాక్టర్లలో ఎక్కువ మంది స్వతంత్రంగా ప్రాక్టీసు చేసుకుంటూ రాష్ట్ర ప్రభుత్వాలకు బిల్లు పంపేవారే. జర్మనీలో 1883లో బిస్మార్క్ కాలంలో వచ్చిన పద్ధతి ఇప్పటికీ నడుస్తోంది. ఉద్యోగి, యజమాని కలిసి జీతంలో కొంత శాతాన్ని లాభాపేక్ష లేని బీమా నిధులకు కడతారు, ఆ నిధులన్నీ కలిసి డాక్టర్లతో, ఆసుపత్రులతో రేట్లు మాట్లాడుకుంటాయి. స్విట్జర్లాండ్‌లో 1996 నుంచి ప్రతి ఒక్కరూ బీమా కొనుక్కోవడం తప్పనిసరి. అమ్మేది ప్రైవేటు కంపెనీలే, కానీ ప్రాథమిక బీమా మీద లాభం తీసుకోకూడదు. తైవాన్ 1995లో దేశమంతటికీ ఒకే ప్రభుత్వ బీమా పెట్టింది, అక్కడి ఆసుపత్రులు మాత్రం చాలావరకు ప్రైవేటువే.

ఇన్ని రకాల ఏర్పాట్లున్నా వీటన్నిటిలోనూ ఉమ్మడిగా కనిపించేది ఒకటుంది. ఏ ఆసుపత్రీ, ఏ డాక్టరూ రేటును తమంతట తాము వేసుకోలేరు. ఎదుటి పక్షాన దేశం మొత్తమో, రాష్ట్రం మొత్తమో ఒక్క గొంతుతో బేరమాడుతుంది, లేదా రేట్లను చట్టమే నిర్ణయిస్తుంది. ఉద్యోగుల బీమా విషయంలో అమెరికాలో లేనిది అదే.

అమెరికాలో ప్రభుత్వ వైద్యం అనేదే లేదనుకోవడం కూడా పొరపాటు. మాజీ సైనికుల కోసం ప్రభుత్వమే సొంత ఆసుపత్రులు నడుపుతోంది, దాదాపు 90 లక్షల మంది అందులో నమోదై ఉన్నారు. 65 ఏళ్ళు దాటినవారికీ, కొందరు వికలాంగులకూ మెడికేర్ ఉంది, అందులో 6.8 కోట్ల మంది ఉన్నారు. తక్కువ ఆదాయం ఉన్నవారికి ఉద్దేశించిన మెడికెయిడ్‌లో సుమారు 7 కోట్ల మంది ఉన్నారు. బ్రిటన్ పద్ధతి, కెనడా పద్ధతి, జర్మనీ పద్ధతి, ఏ అండా లేక సొంత జేబులోంచి కట్టుకునే పద్ధతి అన్నీ ఈ ఒక్క దేశంలోనే పక్కపక్కన నడుస్తున్నాయి. మనిషి వయసు, ఉద్యోగం, ఆదాయం మారినప్పుడల్లా ఒక దాంట్లోంచి ఇంకో దాంట్లోకి మారుతుంటాడు. ఆ మారే సమయంలోనే చాలా మంది ఏ బీమా లేకుండా మిగిలిపోతారు.

ఇప్పుడు మీ ప్రీమియం సంగతి. ఆరోగ్య విధానాలను పరిశీలించే కేఎఫ్‌ఎఫ్ సంస్థ సర్వే ప్రకారం 2025లో ఉద్యోగుల కుటుంబ బీమా సగటు ఖరీదు ఏడాదికి 26,993 డాలర్లు. అందులో ఉద్యోగి జీతంలోంచి పోయేది 6,850 డాలర్లు, మిగిలింది కంపెనీ కడుతుంది. జీతం చీటీలో చిన్న అంకే కనిపిస్తుంది కాబట్టి పెద్ద భాగం ఎవరో ఉచితంగా ఇస్తున్నారని అనిపిస్తుంది. కానీ కంపెనీ దృష్టిలో మీ మీద పెట్టే ఖర్చంతా ఒకటే మూట. బీమాకు ఎక్కువ పోతే జీతం పెంపుకు తక్కువ మిగులుతుంది. ఆర్థికవేత్తలు ఏకీభవించే కొద్ది విషయాల్లో ఇదొకటి. అందువల్ల లెక్క వేసుకునేటప్పుడు 6,850 కాకుండా 26,993 పెట్టుకుని వేసుకోండి.

ఈ డబ్బంతా బీమా కంపెనీల లాభాల్లోకే పోతోందన్న మాట తరచు వింటాను. వాటి మీద కోపానికి కారణాలు చాలానే ఉన్నాయి, వాటి దగ్గరకు వస్తాను. లెక్క మాత్రం ఇలా ఉంటుంది: 2010లో వచ్చిన అఫర్డబుల్ కేర్ యాక్టు ప్రకారం పెద్ద సంస్థలకు అమ్మే పాలసీల్లో ప్రీమియంలో కనీసం 85 శాతం, వ్యక్తులకూ చిన్న సంస్థలకూ అమ్మేవాటిలో కనీసం 80 శాతం వైద్యానికే ఖర్చు పెట్టాలి. పెట్టకపోతే తేడా వెనక్కి ఇచ్చేయాలి. అంతేకాదు, బీమా ఉన్న ఉద్యోగుల్లో మూడింట రెండు వంతుల దాకా వారి కంపెనీ సొంతంగా భరించే పథకాల్లోనే ఉన్నారు. వారి కార్డు మీద బీమా సంస్థ పేరు ఉన్నా, క్లెయిము డబ్బు యజమానిదే. బీమా సంస్థ కాగితాల పని చూసి రుసుము తీసుకుంటుంది, అంతే. బీమా కంపెనీల లాభం మొత్తం సున్నా చేసినా ప్రీమియం ఒక్కసారి కొద్దిగా తగ్గి, మరుసటి ఏడాది నుంచి మళ్ళీ పెరగడం మొదలుపెడుతుంది.

ఎందుకంటే పెరుగుతున్నది మిగిలిన ఆ 85 శాతం. 2023లో అమెరికా వైద్యం మీద 4.9 లక్షల కోట్ల డాలర్లు ఖర్చు పెట్టింది. అది దేశ ఆదాయంలో 17.6 శాతం, తలకు 14,570 డాలర్లు. అందులో ఆసుపత్రుల వాటా 31 శాతం, డాక్టర్లు, క్లినిక్‌లది 20 శాతం. వార్తల్లో ఎప్పుడూ నలిగే మందుల దుకాణాల వాటా 9 శాతమే. అమెరికన్లు అతిగా ఆసుపత్రులకు తిరుగుతారు కాబట్టి ఇంత ఖర్చనుకోవడానికి లేదు. ప్రిన్స్‌టన్ ఆర్థికవేత్త ఉవే రైన్‌హార్ట్, ఆయన సహచరులు 2003లోనే దేశాలను పోల్చి చూసి, డాక్టరు దగ్గరకు వెళ్ళడంలోనూ ఆసుపత్రిలో గడిపే రోజుల్లోనూ అమెరికా ఇతర సంపన్న దేశాల కంటే ముందేమీ లేదనీ, తేడా అంతా ధరల్లోనే ఉందనీ తేల్చారు. ఇన్నేళ్ళయినా ఆ మాట పాతబడలేదు. రాండ్ పరిశోధన సంస్థ 2024లో ప్రకటించిన అధ్యయనంలో, ఒకే రకం సేవలకు ఆసుపత్రులకు మెడికేర్ 100 డాలర్లు ఇచ్చే చోట యజమానుల పథకాలూ ప్రైవేటు బీమా సంస్థలూ 2022లో సగటున 254 డాలర్లు చెల్లించాయని తేలింది.

ఆ 254 ఎలా వచ్చిందో నేను దగ్గరుండి చూశాను. ఒక కౌంటీ (మన జిల్లా లాంటిది) మొత్తానికి పెద్ద ఆసుపత్రి ఒకటే ఉంటుంది. చుట్టుపక్కల చిన్న క్లినిక్‌లనూ, డాక్టర్ల ప్రాక్టీసులనూ అది ఒక్కొక్కటిగా కొనేసి ఉంటుంది. ఒప్పందం గడువు తీరే ముందు వారి ప్రతినిధులు వచ్చి, వచ్చే మూడేళ్ళకు రేటు ఇదీ, నచ్చకపోతే మీ నెట్‌వర్క్‌లోంచి, అంటే మీ బీమాతో ఒప్పందమున్న ఆసుపత్రుల జాబితాలోంచి, తప్పుకుంటాం అంటారు. వారు తప్పుకుంటే ఆ కౌంటీలోని ఉద్యోగుల్లో నిండు గర్భిణి ప్రసవానికి పక్క కౌంటీకి పోవాలి. గుండెనొప్పి వచ్చినవారి కుటుంబం తర్వాతి చికిత్సకు ఎక్కడికి వెళ్ళాలో తెలియక అల్లాడుతుంది. అలాంటి నెట్‌వర్క్‌ను ఏ యజమానీ కొనడు. ఆ సంగతి ఆసుపత్రికీ తెలుసు, మాకూ తెలుసు. కొన్ని వారాలు ఉత్తరాలూ ఫోన్లూ నడుస్తాయి, పత్రికల్లో ఇరుపక్షాల ప్రకటనలు వస్తాయి, చివరికి వారడిగినదానికి కాస్త అటూ ఇటూగా సంతకం అవుతుంది. మరుసటి ఏడాది మీ ప్రీమియం పెరిగిందని కంపెనీ మెయిల్ పంపినప్పుడు, దాని వెనక ఉన్నది సాధారణంగా ఇలాంటి సంతకమే.

పైన చెప్పిన 85 శాతం నియమం మంచి ఉద్దేశంతో పెట్టిందే, కానీ అందులో ఒక లోపం ఉంది. కంపెనీ ఖర్చులూ లాభమూ కలిపి మిగిలిన 15 శాతంలోనే సరిపెట్టుకోవాలి కదా. వైద్యం ఖర్చు పెరిగితే ప్రీమియం పెరుగుతుంది, ప్రీమియం పెరిగితే ఆ 15 శాతం కూడా పెద్దదవుతుంది. ఖర్చు తగ్గించమని మనం నియమించుకున్న మధ్యవర్తికి, దాన్ని తగ్గించడం వల్ల దీర్ఘకాలంలో లాభం లేదు.

ఇలాంటి ఏర్పాటును ఎవరూ కూర్చుని రూపొందించలేదు. 1929లో డాలస్‌లో బేలర్ విశ్వవిద్యాలయ ఆసుపత్రి, ఉపాధ్యాయులు నెలకు 50 సెంట్లు కడితే 21 రోజుల దాకా ఆసుపత్రి వైద్యం ఇస్తామని ఒక పథకం పెట్టింది. తర్వాత బ్లూక్రాస్ బీమాగా ఎదిగింది అదే. రెండో ప్రపంచయుద్ధంలో 1942లో జీతాల పెంపు మీద ప్రభుత్వం పరిమితి పెట్టింది, బీమా లాంటి సదుపాయాలకు మాత్రం మినహాయింపు ఇచ్చింది. కార్మికులను ఆకర్షించడానికి కంపెనీలకు అదొక దారి అయింది. యజమాని కట్టే ప్రీమియం ఉద్యోగి ఆదాయపు పన్ను లెక్కలోకి రాదని 1954 పన్ను చట్టం స్థిరపరిచింది. అప్పటి నుంచి బీమా ఉద్యోగానికి ముడిపడిపోయింది. 1945లో అధ్యక్షుడు ట్రూమన్ దేశమంతటికీ ఆరోగ్య బీమా ప్రతిపాదిస్తే, అమెరికన్ మెడికల్ అసోసియేషన్ దాన్ని సోషలిస్టు వైద్యమని ముద్రవేసి గట్టిగా అడ్డుకుంది. ఇరవై ఏళ్ళ తర్వాత 1965 జూలై 30న అధ్యక్షుడు లిండన్ జాన్సన్ మెడికేర్, మెడికెయిడ్ చట్టం మీద ట్రూమన్ సొంత ఊరిలోనే సంతకం చేసి, మొదటి మెడికేర్ కార్డు ఆయనకే ఇచ్చారు. ఉద్యోగం చేసే వయసువారు మాత్రం యజమాని చేతిలోనే ఉండిపోయారు.

సరే, మీ మొదటి స్నేహితుడి మాటకు వద్దాం. ప్రభుత్వమే బీమా నడిపితే ఖర్చు తగ్గుతుందా? రెండు చోట్ల తప్పకుండా తగ్గే అవకాశం ఉంది.

మొదటిది కాగితాల పని. బిల్లింగ్ విభాగంలో మాకు ఒక్కో బీమా సంస్థ నియమాలు చూసుకోవడానికి వేరే మనుషులు ఉండేవారు. ఒకే స్కానింగుకు ఒక సంస్థ ముందస్తు అనుమతి అడుగుతుంది, ఇంకోటి అడగదు, మూడోది అడిగి తిరస్కరించి మళ్ళీ అప్పీలు చేయమంటుంది. కీమోథెరపీ మధ్యలో ఉన్న మనిషి ఓపిక లేని గొంతుతో ఫోను చేసి, నా అనుమతి వచ్చిందా అని అడగడం ఎన్నిసార్లు విన్నానో. ఆ ఫోన్‌కు అటు పక్కన ఉన్న గుమాస్తా, ఇటు పక్కన ఉన్న నేను, మధ్యలో సాఫ్ట్‌వేరు, అందరి జీతాలూ ఆ రోగి ప్రీమియంలోంచి వచ్చేవే. కెనడాలో ఆసుపత్రికి ఏడాదికి ఇంత అని మొత్తం ఇచ్చేస్తారు, అక్కడ రోగికి ఒక్కో సూదికీ ఒక్కో పట్టీకీ బిల్లు రాసే పని లేదు. ఈ విషయంలో దేశమంతటికీ ఒకే ప్రభుత్వ బీమా ఉండాలనే పద్ధతిని సమర్థించేవారి వాదనకు నా దగ్గర ఎదురు జవాబు లేదు.

రెండోది ధర. 2003లో మెడికేర్‌కు మందుల పథకం చేర్చినప్పుడు, ధరల బేరంలో ప్రభుత్వం జోక్యం చేసుకోకూడదని చట్టంలోనే రాశారు. దాన్ని కొంతమేరకు సడలించింది 2022 చట్టం. మొదటి విడతగా పది మందుల ధరలు మాట్లాడారు, అవి 2026 జనవరి నుంచి అమల్లోకి వచ్చాయి. మధుమేహానికి చాలామంది వాడే జనువియా నెల మందుల ధర 527 డాలర్ల నుంచి 113 డాలర్లకు దిగింది. మందు మారలేదు, తయారీ మారలేదు. బేరమాడే హక్కు ఒక్కటే కొత్తగా వచ్చింది.

ఇక్కడ మీ స్నేహితుడు దాటవేసే ప్రశ్న ఒకటుంది. వైద్యం మీద అయ్యే ప్రతి ఖర్చూ ఎవరో ఒకరి ఆదాయమే. 254 డాలర్లను 100కు దింపితే మిగతా 154 ఎవరి జీతంలోంచి, ఎవరి లాభంలోంచి, ఏ వార్డులోంచి పోతాయి? మెడికేర్ రేట్లు తమ ఖర్చుకు చాలవనీ, ప్రైవేటు బీమా డబ్బుతోనే నెగ్గుకొస్తున్నామనీ ఆసుపత్రులు అంటాయి. పెద్ద నగరాల్లోని సంపన్న ఆసుపత్రుల విషయంలో ఈ మాటను నేను పెద్దగా నమ్మను. మంచి రేటు వచ్చే చోట ఖర్చులు కూడా ఆ రేటుకు తగ్గట్టు పెరగడం లోపలి నుంచి చూశాను. గ్రామీణ ప్రాంతాల చిన్న ఆసుపత్రుల విషయంలో మాత్రం అది నిజమే. రాత్రికి రాత్రి రేట్లు కోస్తే ముందు మూతపడేవి అవే.

వెర్మాంట్ రాష్ట్రం అనుభవం చూడండి. జనాభా తక్కువ, ప్రజల్లో మద్దతు ఎక్కువ, గవర్నరు పీటర్ షమ్లిన్‌కు పట్టుదల ఉంది. 2011లో రాష్ట్రమంతటికీ ఒకే బీమా అంటూ చట్టం చేశారు. 2014 డిసెంబరులో లెక్కలు తేలాయి: యజమానుల మీద జీతాల మొత్తంలో 11.5 శాతం పన్ను, దాని మీద వ్యక్తుల ఆదాయాన్ని బట్టి 9.5 శాతం దాకా ఇంకో వసూలు. గవర్నరే వెనక్కి తగ్గారు. ఆ పన్నులకు బదులుగా ప్రీమియంలు పోతాయన్నది నిజమే. కానీ కనిపించకుండా పోతున్న 20 వేల డాలర్లు ఆగిపోయినందుకు సంతోషించేవారు తక్కువ, కనిపించే పన్ను మీద మండిపడేవారు ఎక్కువ. దేశమంతటికీ ఇదే లెక్కను అమెరికా చట్టసభ కాంగ్రెస్‌కు చెందిన బడ్జెట్ కార్యాలయం 2020 డిసెంబరులో వేసింది. పథకం రూపాన్ని బట్టి 2030 నాటికి దేశం మొత్తం వైద్య ఖర్చు ఏడాదికి 70 వేల కోట్ల డాలర్ల దాకా తగ్గవచ్చు, లేదా 30 వేల కోట్ల దాకా పెరగవచ్చు. ఫెడరల్ ప్రభుత్వ ఖర్చు మాత్రం ఒకటిన్నర నుంచి మూడు లక్షల కోట్ల డాలర్ల దాకా పెరుగుతుంది. తగ్గుతుందా పెరుగుతుందా అన్నదాన్ని ప్రధానంగా తేల్చేది ఆసుపత్రులకూ డాక్టర్లకూ ఎంత రేటు ఇస్తారు, ఏయే సేవలు కలుపుతారు, రోగి చేత ఎంత కట్టిస్తారు అన్నవే.

రెండో స్నేహితుడి భయాన్ని కూడా కొట్టిపారేయను. ఇంగ్లండులో పెండింగులో ఉన్న చికిత్సల జాబితా 2023 సెప్టెంబరులో దాదాపు 77 లక్షలకు చేరింది. మోకాలి కీలు మార్పిడి కోసం ఏడాది నొప్పితో నడవడం చిన్న విషయం కాదు. కెనడాలో నిరీక్షణ ఎంత ముదిరిందంటే, ప్రభుత్వ బీమా వర్తించే చికిత్సలకు ప్రైవేటు బీమా కొనుక్కోవడాన్ని నిషేధించిన క్యూబెక్ చట్టాన్ని 2005లో అక్కడి సుప్రీంకోర్టు కొట్టివేసింది. అమెరికాలోనే 2014లో ఫీనిక్స్ మాజీ సైనికుల ఆసుపత్రిలో నిరీక్షణ కాలాలు తక్కువగా కనిపించేలా జాబితాలు దాచారని బయటపడి, ఆ శాఖ మంత్రి ఎరిక్ షిన్సెకీ రాజీనామా చేయాల్సి వచ్చింది. బడ్జెట్ ప్రభుత్వం చేతిలో ఉంటే, డబ్బుకు ఇబ్బంది వచ్చిన ఏడాది మంచాలూ నర్సులూ తగ్గుతారు. ఆ లోటు పైకి వరుసల రూపంలో కనిపిస్తుంది.

అయితే వరుసలకూ ప్రభుత్వ బీమాకూ విడదీయరాని బంధం ఏమీ లేదు. జర్మనీలో అందరికీ బీమా ఉంది, వరుసలు మాత్రం బ్రిటన్ స్థాయిలో లేవు. అక్కడ మంచాలూ డాక్టర్లూ ఎక్కువ, దానికి తగ్గట్టు ఖర్చూ బ్రిటన్ కంటే ఎక్కువే. ఎంత ఖర్చు పెట్టి ఎంత సామర్థ్యం నిలబెట్టుకుంటారన్నదే వరుసను పొడిగిస్తుంది లేదా తగ్గిస్తుంది.

అమెరికాలో వరుస కనిపించకపోవడానికి ఇంకో కారణం నన్ను ఎక్కువ బాధపెడుతుంది. ఇక్కడ కొందరు అసలు వరుసలోకే రారు. డిడక్టిబుల్ తీరలేదని స్కానింగు వాయిదా వేసుకున్న మనిషి ఏ జాబితాలోనూ ఉండడు. 1970లలో మొదలై 1982 దాకా నడిచిన రాండ్ సంస్థ ప్రయోగంలో, సొంత డబ్బు కట్టాల్సి వచ్చినవారు ఉచిత వైద్యం అందినవారి కంటే గణనీయంగా తక్కువ వైద్యం వాడారు. ఆ మాటను డిడక్టిబుల్ సమర్థకులు తరచు చెబుతారు. వారు చెప్పనిదేమిటంటే, అలా మానుకున్నవాటిలో అనవసరమైన వైద్యమూ ఉంది, అంతే మోతాదులో అవసరమైన వైద్యమూ ఉంది. ఏది అవసరమో రోగికి ఎలా తెలుస్తుంది? తెలియకే కదా డాక్టరు దగ్గరకు వెళ్ళేది. పైగా ఖర్చులో సుమారు సగం జనాభాలో 5 శాతం మంది మీదే అవుతుంది. అంత జబ్బు పడినవారు డిడక్టిబుల్‌ను మొదటి నెలల్లోనే దాటేస్తారు, ఆ తర్వాత ధర చూసుకునే అవసరమూ ఉండదు, శక్తీ ఉండదు. డిడక్టిబుల్ పెంచడం వల్ల ఇబ్బంది పడేది కాస్త జబ్బుతో, కాస్త ఆదాయంతో బతుకుతున్న మధ్యతరగతి మనిషే.

2010 చట్టం గురించి క్లుప్తంగా చెబుతాను. పాత జబ్బు ఉందని బీమా నిరాకరించకూడదని అది చెప్పింది. ఈ ఒక్క కారణానికే ఆ చట్టం మీద నాకు గౌరవం. నిరాకరించడానికి వీల్లేనప్పుడు, ఆరోగ్యంగా ఉన్నవారు కూడా చేరకపోతే రోగులే మిగిలి ప్రీమియం పెరుగుతుంది. పెరిగేకొద్దీ ఇంకొందరు ఆరోగ్యవంతులు తప్పుకుంటారు. దాన్ని ఆపడానికి బీమా లేనివారికి జరిమానా పెట్టారు, 2019 నుంచి దాన్ని సున్నా చేశారు. చేరేవారిని నిలబెట్టింది సబ్సిడీలే. 2021లో వాటిని పెంచారు, 2025లో సుమారు 2.4 కోట్ల మంది ఆ చట్టం కింద ఏర్పడిన ప్రభుత్వ బీమా మార్కెట్‌లో బీమా తీసుకున్నారు. పెంచిన సబ్సిడీల గడువు 2025తో తీరింది. వాటిని పొడిగించాలన్న పట్టు మీదే ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి 43 రోజులు ఫెడరల్ ప్రభుత్వం స్తంభించింది, అయినా పొడిగింపు రాలేదు. పొడిగించాల్సిందనే నేను అనుకుంటాను, లేకపోతే నష్టపోయేది చిన్న వ్యాపారాలూ సొంత పనులూ చేసుకునే కుటుంబాలు. కానీ సబ్సిడీ అనేది బిల్లును ఒక జేబులోంచి ఇంకో జేబుకు మారుస్తుంది. ఆసుపత్రి వేసిన అంకె అలాగే ఉంటుంది.

నా మొగ్గు ఎటు అని అడిగితే, ఆసుపత్రులను ప్రభుత్వం కొనాల్సిన పని లేదు, కానీ రేట్లకు ప్రభుత్వం కళ్ళెం వేయాలి. మేరీల్యాండ్ రాష్ట్రం 1970ల నుంచి ఆ పని చేస్తోంది. అక్కడ ఒక ప్రభుత్వ కమిషన్ ఆసుపత్రుల రేట్లు నిర్ణయిస్తుంది, మెడికేర్ అయినా ప్రైవేటు బీమా అయినా దాదాపు ఒకే రేటు కడతారు. అందుకు ప్రతిగా మెడికేర్ అక్కడ ఇతర రాష్ట్రాల్లో కంటే ఎక్కువ కట్టాల్సి వస్తోంది కాబట్టి అదేమీ ఉచితంగా వచ్చిన మేలు కాదు. కానీ బెదిరించి రేటు పెంచుకునే ఆట అక్కడ సాగదు. వాషింగ్టన్ రాష్ట్రం ఇంకో దారి పట్టింది. 2021లో ప్రభుత్వ ప్రమాణాలతో ఒక బీమా పెట్టి, చెల్లింపులకు మెడికేర్ రేటులో 160 శాతం అని గరిష్ఠ పరిమితి పెట్టింది. చాలా ఆసుపత్రులు అందులో చేరడానికే నిరాకరించాయి. చేరడం ఐచ్ఛికంగా వదిలేస్తే బలమున్న పక్షం బయటే ఉంటుంది. కాబట్టి ఎవరైనా కొత్త ప్రణాళిక తెస్తే, అది ప్రభుత్వానిదా ప్రైవేటుదా అని అడగకముందు, ఊరిలో ఉన్న ఒకే ఒక్క ఆసుపత్రి ఒప్పుకోనంటే అప్పుడు ఏం జరుగుతుంది అని అడగండి. జవాబు చెప్పలేని ప్రణాళికతో మీ ప్రీమియం తగ్గదు.

ఇక మీ రెండో ప్రశ్న, ఉద్యోగం పోతే ఏమిటని. ఇది మీకు ఇప్పుడే తెలిసి ఉండాలి. 20 మంది లేదా అంతకన్నా ఎక్కువ ఉద్యోగులున్న కంపెనీ అయితే కోబ్రా చట్టం కింద అదే బీమాను సాధారణంగా 18 నెలలు కొనసాగించుకోవచ్చు. అయితే కంపెనీ వాటా కూడా మీరే కట్టాలి, మొత్తం ప్రీమియం మీద 2 శాతం అదనం. ఎంచుకోవడానికి 60 రోజుల గడువు ఉంటుంది. ఆ గడువులోగా ఎప్పుడు ఎంచుకున్నా, బీమా ఆగిన రోజు నుంచి ప్రీమియం కడితే వెనకటి తేదీ నుంచే వర్తిస్తుంది. ఈ లోపు వేరే ఉద్యోగం వచ్చేలా ఉంటే కాగితాలు దగ్గర పెట్టుకుని ఆగవచ్చు, మధ్యలో జబ్బు చేస్తే అప్పుడు ఎంచుకోవచ్చు.

పైన చెప్పిన ప్రభుత్వ బీమా మార్కెట్‌లో కొనడానికి కూడా బీమా పోయిన రోజు నుంచి 60 రోజులుంటాయి. హెచ్-1బీ లాంటి వీసాల మీద ఉన్నవారికి కూడా అక్కడ కొనే అర్హత ఉంది. 2025 జూలైలో వచ్చిన చట్టం వల్ల 2027 నుంచి అలాంటి వీసాలవారికి సబ్సిడీ అందదు, పూర్తి ధర కట్టాలి. మీ జీవిత భాగస్వామి ఉద్యోగంలో ఉంటే అన్నిటికంటే చవక దారి వారి కంపెనీ బీమాలో చేరడం, కానీ అక్కడ గడువు సాధారణంగా 30 రోజులే. మిగిలినవాటికి 60 రోజులున్నాయి కదా అనుకుని ఇక్కడే చాలామంది ఆలస్యం చేస్తారు. 31వ రోజున అడిగితే, ఏడాది చివర అందరికీ ఇచ్చే నమోదు సమయం దాకా ఆగమంటారు.